వేలిముద్రకు పైనున్న వచనము

కావ్యములకును, నవలలకును, నాటకములకును విమర్శ వ్రాయుట మన పత్రికలకు అలవాటు. ఏ కావ్యమును చదువనివారు సైతము జీవితమున నొక్కసారియైన సంతకము పెట్టు వచనమొకటి కలదు. దానిని విమర్శించినవారు అరుదు. అది ఒడంబడిక కాగితము. వ్రాసినవారి పేరు దానిపై నుండదు. చదివినవారి పేరు మాత్రము అడుగున నుండును. చదువకయే వేలిముద్ర వేసినవారి పేరును అక్కడనే యుండును. ఈ నెల మేము ఆ వచనమును, దానిని సరిదిద్దుటకై 1872 మొదలు 2019 వఱకు ఈ దేశమున వ్రాయబడిన చట్టవాక్యములను కర్నూలు, కడప సీమల యనుభవముతో పోల్చి చూడదలచితిమి.

మొదట భాషను చూతము. ఏడాదికో, రెండేండ్లకో, ఇరువదియైదేండ్లకో మనిషిని కట్టివేయు కరారులను పది తెచ్చి వరుసగా చదివినచో ఒక వింత కనబడును. ఒక పక్షమును గూర్చిన వాక్యములన్నియు ‘వలెను’ అని ముగియును. రెండవ పక్షమును గూర్చినవి ‘వచ్చును’ అని ముగియును. రైతు పంటనంతయు అప్పగింపవలెను. సంస్థ దానిని నిరాకరింపవచ్చును. అప్పు తీసికొన్నవాడు గడువునకు కట్టవలెను. ఇచ్చినవారు వడ్డీని మార్చవచ్చును. పనికి పోవు స్త్రీ రెండేండ్లు ఉండవలెను. యజమాని ముందుగనే పంపివేయవచ్చును. ఈ రెండు క్రియలను లెక్కపెట్టుటకు న్యాయశాస్త్రము చదివి యుండనక్కఱలేదు. ఏ పక్షమున ‘వలెను’లు పోగుపడినవో చూచినచో కాగితము ఎవరి యింట పుట్టినదో తెలిసిపోవును.

కర్నూలు సీమలో ఈ వచనమునకు మంచి ఉదాహరణము విత్తనపు పంట. తిండికి గాని సంతకు గాని కాక, విత్తనముగా అమ్ముటకే పండించు పంట యిది. సంస్థ మూలవిత్తనమును రైతునకు వెలకిచ్చును. రైతు తన భూమిలో, తన నీటితో, తన కూలితో దానిని పెంచును. సంస్థ మనిషి వచ్చి చేను చూచి పోవును. పండినదంతయు సంస్థకే ఇయ్యవలెను. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో సంకరజాతి పత్తివిత్తనము పండించువారికి ఈ యేర్పాటు చిరపరిచితము. అక్కడ కంపెనీకిని రైతునకును నడుమ ఆర్గనైజరు అనువాడొకడు నిలుచును; పెట్టుబడికి అప్పిచ్చువాడును, పంటను కొలిచి తీసికొనువాడును అతడే. ఒక్కొక్క మొగ్గను గోటితో విప్పి, మగపూవు పుప్పొడిని చేతితో అద్దవలసిన పని యగుటచే కూలి యెక్కువ పట్టును. ధర మాత్రము కంపెనీ చెప్పినదే. ఆ రెంటి నడుమ నలిగిన రైతు చౌక కూలి వెదకికొనగా, బడికి పోవలసిన ఆడపిల్లలు ఎన్నో యేండ్లు ఆ చేలలో నిలిచిరి. ఒడంబడికలోని ధర షరతు మూడవ మెట్టున ఒక పిల్ల పలకను లాగికొన్నదని ఏ కాగితమునను వ్రాసియుండదు.

ఇట్టి ఒక వివాదము మన న్యాయస్థానముల మెట్లన్నియు ఎక్కినది. జాతీయ విత్తన సంస్థ యిచ్చిన విత్తనములు మంచివి కానందున పంట చెడెననియు, దిగుబడి తగ్గెననియు ఆంధ్రదేశపు రైతులు కొందఱు వినియోగదారుల న్యాయవేదికలకు పోయిరి. కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మము, కాకినాడలలోని జిల్లా వేదికలు వారికి నష్టపరిహారమిప్పించెను. సంస్థ రాష్ట్ర కమిషనునకు పోయెను, ఓడెను. జాతీయ కమిషనునకు పోయెను, ఓడెను. తుదకు సుప్రీముకోర్టునకు పోగా 2012 జనవరిలో అచ్చటను ఓడెను. ఆ సంస్థ ప్రభుత్వముదే యగుట చదువరులు మఱవకుందురు గాక.

సంస్థ చేసిన వాదములలో మూటిని సాహిత్యముగా చదువుట లాభకరము. మొదటిది: ఈ రైతులలో విత్తనపు పంట వేసినవారు లాభమునకై విత్తనము కొన్నవారు, వర్తకులతో సమానులు, కావున వినియోగదారులు కారు. రెండవది: ఒడంబడికలో మధ్యవర్తి తీర్పు షరతు కలదు, కావున అచ్చటికే పోవలెను. మూడవది: విత్తనము చెడ్డదని తేల్చుటకు నమూనాను పరీక్షాశాలకు పంపవలసి యుండెను, రైతులు పంపలేదు.

మూడవ వాదమును చదివినపుడు మాకు నవ్వు వచ్చినది. తరువాత నవ్వు పోయినది. కొన్న విత్తనమునంతయు నేలలో చల్లినవాడు, మొలక రానపుడు ఏ నమూనాను తెచ్చును? వివాదము వచ్చునని ముందే యెఱిగి పిడికెడు గింజలు మూటగట్టి దూలమున కట్టుకొనువాడు రైతు కాడు, ప్లీడరు. కోర్టు ఈ మాటనే తన భాషలో చెప్పినది: రైతు విత్తనములో కొంత దాచి యుంచునని ఆశించుట తగదు. మధ్యవర్తి షరతును గూర్చి, వినియోగదారుల చట్టమిచ్చు దారి ఇతర చట్టముల దారులకు అదనపుదే గాని వానిచే మూయబడునది కాదని చెప్పినది. మొదటి వాదమునకు ఇచ్చిన సమాధానము మాకు అన్నిటికంటె విలువైనదిగా తోచుచున్నది. ఆ రైతులను ఎంచుకొన్నది సంస్థయే, విత్తనమిచ్చినది అదియే, పైరుపై కన్ను వేసినది దాని నిపుణుడే, పంటను పూర్తిగా కొనునది అదియే. బయట అమ్ముకొను స్వేచ్ఛ రైతునకు కలదని సంస్థ ఎక్కడను చెప్పలేదు, నిరూపింపను లేదు. స్వేచ్ఛ లేని వానిని వర్తకుడనుట యెట్లు? తన నేర్పును తన రెక్కల కష్టమును పెట్టి పొట్ట పోసికొనువాడే అతడని కోర్టు తేల్చినది.

ఇంతవఱకు మెచ్చుకొంటిమి. మెచ్చుకోలునకు హద్దు కలదు. ఆ తీర్పు రైతును న్యాయస్థానపు గుమ్మము దాటించినది, కాగితమును ముట్టలేదు. పంటనంతయు ఒక్కరికే ఇయ్యవలెననుట న్యాయమా, నిరాకరించు హక్కు వారికుండి అమ్ముకొను హక్కు వీరికి లేకుండుట న్యాయమా అను ప్రశ్న అక్కడ పుట్టనే లేదు. స్వేచ్ఛ లేమి రైతునకు ఆ వ్యాజ్యమున ఉపకరించినది గాని, మఱుసటి యేడు మరల అదే కాగితముపై సంతకము పెట్టకుండ కాపాడలేదు.

ఒడంబడిక వచనమెప్పుడును బలహీనునికి కీడే చేయునను మాట నిజము కాదు. చక్కగా వ్రాయించుకొన్నవారికి అది కోటగోడ. ఈ సీమలోనే చూడుడు. తుంగభద్రపై సుంకేసుల నుండి కడప వఱకు పోవు కర్నూలు-కడప కాలువను త్రవ్వినది సర్కారు కాదు, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహమున పుట్టిన ఆ కంపెనీకి సర్కారు పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి 5 చొప్పున వడ్డీకి పూచీపడినది. నీరు అమ్ముడు పోయినను పోకున్నను ఆ పూచీ నిలుచును. నల్లరేగడి చేలకు కాలువనీరు వలదని రైతులు వెనుకాడిరి. కంపెనీ ఆశించినంత నీరు అమ్ముడు పోలేదు. అయినను వాటాదారులు మునుగలేదు. 1882లో సర్కారు కాలువను కొనివేసినది. మొన్నమొన్న 2019లో రాష్ట్ర ప్రభుత్వము సౌర, పవన విద్యుత్తుకు పూర్వమొప్పుకొన్న ధరలను తగ్గింపజూడగా, ఒప్పుకొన్న ధరయే ఇయ్యవలెనని 2022 మార్చిలో హైకోర్టు చెప్పినది. తప్పని మేమనము. మాట నిలుపుకొనుట మంచిదే. అయితే ఇరువదియైదేండ్ల ఒడంబడిక కంపెనీకి రక్షయై, ఒక్క యేటి ఒడంబడిక రైతునకు సంకెల యగుటకు కారణము చట్టములో లేదు, వ్రాయించుకొను శక్తిలో నున్నది. వానలు రాని యేడు కంపెనీకి పూచీ యుండెను. రైతునకు ఎవరును పూచీపడలేదు.

ఈ శక్తిభేదమును చట్టము ఎఱుగకపోలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 16వ సెక్షనును 1899లో తిరుగవ్రాసిరి. ఒకని మనస్సును లోబఱచుకొనగల స్థితిలో నున్నవాడు వానితో బేరము చేసి, ఆ బేరము చూచుటకే అంతరాత్మ ఒప్పనిదిగా నున్నచో, తాను ఒత్తిడి చేయలేదని నిరూపించు బరువు బలవంతునిదే యగును. ఆ సెక్షను క్రింది ఉదాహరణములలో రెండిటిని చూతము. అవి రెండు చిన్న కథలవలె నుండును. ఒక దానిలో అప్పులో నున్న గ్రామస్థుడు ఊరి షావుకారు వద్ద మరల అప్పు తీసికొనును, షరతులు కఠినములు, నిరూపణభారము షావుకారుది. రెండవ దానిలో ద్రవ్యము దొరకని కాలమున ఒకడు బ్యాంకరును అప్పడుగును. బ్యాంకరు ఎక్కువ వడ్డీ అయిననే ఇత్తుననును. అది వ్యాపారధర్మమే, తప్పు లేదు. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టినవాని బుద్ధి సూక్ష్మమైనది. కాని కరవు వచ్చిన యేట పత్తికొండలో నైనను పులివెందులలో నైనను షావుకారును బ్యాంకరును వేఱుచేసి చూపుట సులభమా? కరవు అనునదే ద్రవ్యము దొరకని కాలము. అక్కడ మొదటి కథ యెక్కడ ముగిసి రెండవది యెక్కడ మొదలగునో చెప్పువారు లేరు.

‘అంతరాత్మ ఒప్పనిది’ అని మేము వ్రాసినది ఇంగ్లీషు మాటకు సాటి కాదని మాకు తెలియును. ‘అన్యాయము’ అన్నచో చప్పగా నుండును. ‘దుర్మార్గము’ అన్నచో మనిషిని తిట్టినట్లగును. మన పల్లెలలో దీనికి మంచి మాట కలదు: కడుపు మీద కొట్టుట. అవతలివాడు తిరుగబడలేని తావు చూచి కొట్టుట యని దాని భావము. చట్టము వెదకుచున్నదియు ఆ తావునే.

ఆ తావును స్పష్టముగా చూపినది 1986 నాటి సుప్రీముకోర్టు తీర్పొకటి. ప్రభుత్వపు జలరవాణా సంస్థయొకటి మూడు నెలల నోటీసుతో ఏ కారణమును చెప్పక ఉద్యోగిని తొలగింపవచ్చునని నియమము వ్రాసికొన్నది. ఎదురు చెప్పు శక్తి లేనివాడు, ఉన్నది ఉన్నట్లు ఒప్పుకొనుటయో లేక పని వదలుకొనుటయో తప్ప వేఱు దారి లేనివాడు చేసిన సంతకము ఆ నియమమును నిలుపజాలదని కోర్టు చెప్పినది. అట్టిది లోకహితమునకు విరుద్ధమని కొట్టివేసినది. సమానులైన వర్తకుల బేరములకు ఈ సూత్రము పట్టదనియు చెప్పినది. అంతకు రెండేండ్లు ముందే, 1984లో, అన్యాయపు షరతులను కొట్టివేయుటకు కాంట్రాక్టు చట్టములోనే ఒక సెక్షను చేర్పవలెనని లా కమిషను వ్రాసెను. 2006లో మరల విపులముగా వ్రాసెను. రెండు నివేదికలును అలమారులలో నున్నవి.

ఇక 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము. 2020 జూలైలో అమలునకు వచ్చిన ఈ చట్టమున ‘అన్యాయపు ఒప్పందము’ అను మాట మొదటిసారి నిర్వచింపబడినది. మితిమీరిన ధరావతు అడుగుట, నష్టమునకు పొంతనలేని జరిమానా, ముందుగా అప్పు తీర్చుదుమన్నను తీసికొనకుండుట, కారణము లేక ఒక్క పక్షమే ఒప్పందమును త్రెంచుట, అడుగకయే ఇంకొకరికి బదలాయించి కీడు చేయుట, వినియోగదారునికి చెఱుపు చేయు అసంగతమైన భారమును మోపుట: ఈ యాఱును అందు చెప్పబడినవి. వాక్యములు సూటిగా నున్నవి. ‘వలెను’, ‘వచ్చును’లను గూర్చి మేము పైన వ్రాసినది ఈ నిర్వచనపు నాల్గవ షరతులో దాదాపు చట్టరూపమున నున్నది. ఇది పెద్ద అడుగు.

కాని చదువుకొనుచు పోగా రెండు లోపములు కనబడును. చట్టపు తరువాతి పుటలలో, అన్యాయపు ఒప్పందమును గూర్చిన ఫిర్యాదును రాష్ట్ర కమిషను గాని జాతీయ కమిషను గాని వినవచ్చునని యున్నది. జిల్లా కమిషనునకు ఆ యధికారము లేదు. షరతును రద్దుచేయు శక్తియు పై రెంటికే. చెడ్డ మిక్సీని గూర్చి కర్నూలులోనే మొఱపెట్టుకొనవచ్చును; చెడ్డ వాక్యమును గూర్చి మూడువందల కిలోమీటరులకు మించి విజయవాడకు పోవలెను. ఫిర్యాదును యంత్రముద్వారా పంపవచ్చుననియు, దృశ్యశ్రవణమున విచారణ జరుపవచ్చుననియు చట్టమున కలదు, నిజమే. ఆ సౌకర్యము వాడుకొనగలవాడు మొదట ఆ కాగితమును చదువగలిగినవాడై యుండును. 2012 నాటి విత్తనపు వ్యాజ్యము కర్నూలు జిల్లా వేదికలో మొదలు కాకున్నచో ఢిల్లీ వఱకు పోయియుండునా యని మాకు అనుమానము.

రెండవ లోపము భాష. ఆఱు షరతులలోను, ఒప్పందము సంతకము చేయువానికి తెలిసిన భాషలో నుండవలెనను మాట లేదు. ఆస్ట్రేలియాలో 1983లో ఒక పెద్ద తీర్పు వచ్చినది. ఇటలీ నుండి వలసపోయి ఇంగ్లీషు అంతగా రాని ముసలి దంపతులు కుమారుని వ్యాపారపు అప్పునకు బ్యాంకు కాగితముపై సంతకము చేసిరి. వారి దుర్బలత బ్యాంకునకు తెలియును, తెలిసియు ఊరకున్నది. కావున ఆ పూచీ చెల్లదని అక్కడి అత్యున్నత న్యాయస్థానము చెప్పినది. ఆ దేశమే 2019లో ఎదురు దిక్కునకు నడచినది. దక్షిణ ఆస్ట్రేలియాలో మింటబీ అను కుగ్రామమున ఒక దుకాణదారుడు ఆదిమవాసులకు ఖాతామీద సరకులిచ్చి, వారి బ్యాంకు కార్డులును రహస్యసంఖ్యలును తన వద్దనే యుంచుకొని, జీతము పడిన దినముననే తీసికొనువాడు. వారు తెలిసియే ఒప్పుకొనిరి, అది వారికి ఉపయోగమే యని నలుగురు న్యాయమూర్తులు, కాదని ముగ్గురు. నలుగురిదే తీర్పయ్యెను. మన ఊళ్లలో ఖాతాపుస్తకమును ఎఱిగినవారికి ఆ నలుగురి మాట క్రొత్త కాదు. ‘వాడే కదా వచ్చి అడిగినది’ అని షావుకారు అనునదియు అదే.

మన దేశమునను ఒకప్పుడు పరదాలోనుండు స్త్రీల విషయమున ప్రీవీ కౌన్సిలు ఒక నియమము నిలిపినది: ఆమె కాగితమును విని, గ్రహించి, సంతకము చేసినదని అవతలి పక్షమే నిరూపింపవలెను. సంస్కారాభిలాషులకు ఆ నియమము కొంత యిబ్బంది కలిగించును. స్త్రీ యనగా తెలియనిదే యను తలంపు దాని వెనుక నున్నది. మా యభిప్రాయమున బరువు మోపవలసినది స్త్రీత్వముపై కాదు, కాగితముపై. ఎవరికి తెలియని భాషలో వ్రాసినను, వ్రాసినవాడే తెలియజెప్పితినని నిరూపించుకొనవలెను. అట్లు చేసినచో పరదా తొలగియు రక్షణ నిలుచును.

కడప సీమను గూర్చి చెప్పకున్న ఈ విమర్శ సగమే యగును. రాజంపేట, రాయచోటి ప్రాంతముల నుండి కువైటు మొదలగు దేశములకు ఇంటిపనికై పోవు స్త్రీలు చాలమంది. వారి కాగితము సాధారణముగా రెండేండ్లది. వినియోగదారుల చట్టము వారికి నేరుగా వర్తింపదు. వ్యక్తిగత సేవ ఒప్పందమును ఆ చట్టమే మినహాయించినది, పైగా వారు సేవ కొనువారు కారు, అమ్ముకొనువారు. అయితే పంపుదుమని సొమ్ము తీసికొను ఏజెంటు సేవకుగాను పైకము పుచ్చుకొన్నవాడే కదా. 1983 నాటి వలసల చట్టము ప్రకారము నమోదు లేనివాడు ఎవరిని పనికి పంపరాదు. నమోదైనవాడు తన సేవకు 30,000 రూపాయలును పన్నును మించి తీసికొనరాదని నియమము. ఊరిలో తిరుగు సబ్‌ఏజెంటునకు నమోదును లేదు, పరిమితియు లేదు. కువైటు దేశము 2015లో ఇంటిపనివారికై ఒక చట్టము చేసినది: దినమునకు 12 గంటలకు మించరాదు, వారమునకొక సెలవు, ఏటికి ముప్పది దినముల వేతనపు సెలవు. పాస్‌పోర్టును యజమాని తన వద్ద నుంచుకొనరాదనియు అందున్నది. వెంటనే, ఆమె సమ్మతి యున్ననే తప్ప, అనియు నున్నది. ఇంటిలోపల, అరబ్బీ రాని స్త్రీ, జీతమిచ్చువాని యెదుట తెలుపు సమ్మతి యెట్టిదో ఆ వాక్యము వ్రాసినవారు తలచుకొనలేదు కాబోలు. అటువంటి వాక్యములు తామిచ్చినదానిని తామే తీసికొనును.

ఇటీవల ఆ ప్రాంతపు ఇల్లాలొకతె ప్రయాణమునకు పది దినములు ముందు తన కాగితమును మాచే చదివించుకొనినది. ఒక వైపున అరబ్బీ, రెండవ వైపున ఇంగ్లీషు, తెలుగు లేదు. వేలిముద్ర అప్పటికే పడినది. మేము ఒక్కొక్క షరతును తెలుగు చేసి వెనుకటి పుటపై పెన్సిలుతో వ్రాసితిమి. జీతమెంతయో, సెలవెప్పుడో ఆమె మొదట అడుగలేదు. “తల్లికి బాగలేకపోతే మధ్యలో రావచ్చునని ఎక్కడైనా ఉన్నదా అయ్యా?” అనెను. రెండవసారి మొదటి నుండి చదివితిమి. ‘రావచ్చును’ అను క్రియ ఆ కాగితమున ఆమె పేరు ప్రక్కన ఎక్కడను లేదు.